ది లాస్ట్ డిన్నర్ పార్టీ నిజంగా రాత్రికి రాత్రే పైకొచ్చిందా?

మీ ప్రశ్న: "మొదటి పాట వచ్చిన పది నెలలకే ఆల్బమ్ ఇంగ్లండ్‌లో నంబర్ వన్ అయింది. ది లాస్ట్ డిన్నర్ పార్టీ సొంతంగా ఎదిగిన బ్యాండా, లేక కంపెనీ వెనకుండి నడిపించిన ఇండస్ట్రీ ప్లాంటా? ఆ టైంలో అక్కడ ఉన్నవాళ్లెవరైనా చెప్పగలరా?"

ఆ టైంలో నేను అక్కడే ఉన్నాను. కాకపోతే ఒక మాట ముందే చెప్పాలి, ఆ బ్యాండ్ నేను పనిచేసిన హాలుకి ఎప్పుడూ రాలేదు. నేను దగ్గరగా చూసిందంతా వాళ్లలా పైకి రాని బ్యాండ్లనే. ఏడాదిన్నరలో రెండొందలకు తక్కువ ఉండవు. మీ ప్రశ్నకి జవాబు కొంత వాళ్ల దగ్గరే ఉందని నాకనిపిస్తుంది.

2022 సెప్టెంబర్‌లో ఎమ్మెస్సీకి లీడ్స్ వెళ్లాను. స్టూడెంట్ వీసా మీద క్లాసులు జరిగే రోజుల్లో వారానికి 20 గంటలు మాత్రమే పని చెయ్యొచ్చు. నా రూమ్మేట్స్ ముగ్గురూ వేర్‌హౌస్‌లో చేరారు. నాకు రెండొందల మంది పట్టే ఒక చిన్న మ్యూజిక్ హాల్లో బార్ పని దొరికింది. అమ్మకి మాత్రం "ఫంక్షన్ హాల్లో పని" అని చెప్పాను. పూర్తిగా అబద్ధమేమీ కాదు. కుర్చీలు సర్దడం, గ్లాసులు ఏరడం, చివర్లో నేల తుడవడం, అంతా మన ఫంక్షన్ హాలు పనే. భోజనాలు మాత్రం ఉండవు.

అప్పటికి నాకు ఇంగ్లిష్ సంగీతం అంటే కోల్డ్‌ప్లే, అంతే. ఇండీ అంటే ఇండియన్ అనుకునేంత అమాయకత్వం. సౌండ్ ఇంజినీర్ ఒకాయన, యాభై దాటిన యార్క్‌షైర్ మనిషి, నాకు పాఠాలు చెప్పాడు. మొదట్లో ఇండీ అంటే ఇండిపెండెంట్, పెద్ద కంపెనీల చేతిలో లేని చిన్న లేబుళ్ల (పాటలు రికార్డు చేసి అమ్మే సంస్థల) సంగీతం. తర్వాత తర్వాత అదొక బాణీ పేరైపోయింది. అందుకే పెద్ద కంపెనీలో ఉన్న బ్యాండ్‌ని కూడా ఇండీ పాప్ అనే అంటారు. ది లాస్ట్ డిన్నర్ పార్టీ ఉన్నది ఐలండ్ రికార్డ్స్‌లో. అది యూనివర్సల్ వాళ్లది, అంటే కొండంత కంపెనీ. గొడవ మొదలైందే ఇక్కడ.

వాళ్ల కథ చూద్దాం. అబిగైల్ మోరిస్, లిజ్జీ మేలాండ్, జార్జియా డేవిస్ లండన్‌లో కింగ్స్ కాలేజీలో చేరిన కొత్తల్లో కలిశారు. గిటార్ ఎమిలీ రాబర్ట్స్‌ది, కీబోర్డ్ అరోరా నిషేవ్‌సీది. కరోనా ఆంక్షలు సడలాక, 2021 చివర్లో స్టేజీ ఎక్కడం మొదలుపెట్టారు. తూర్పు లండన్ స్టెప్నీలో జార్జ్ టావెర్న్, దక్షిణాన బ్రిక్స్‌టన్‌లో విండ్‌మిల్, ఇలాంటి పబ్బుల్లో వాయించారు.

విండ్‌మిల్ గురించి కాస్త ఎక్కువే చెప్పాలి. నేనోసారి పని కట్టుకుని వెళ్లి చూశాను. పక్కనే 1816లో కట్టిన నిజం గాలిమర ఉంటుంది, పబ్బుకి ఆ పేరు దాని వల్లే. లోపల నూట యాభై మంది నిలబడితే మోచేతులు కదపలేం. బయట నుంచి చూస్తే మన ఊరి కిరాణా గోడౌన్‌కి రంగు వేసినట్టుంటుంది. బ్లాక్ మిడి, స్క్విడ్, బ్లాక్ కంట్రీ న్యూ రోడ్, షేమ్, ఈ బ్యాండ్లన్నీ ఒక దశలో ఆ గదిలో తిరిగినవే. అక్కడ లూ స్మిత్ అని ఒకాయన ఏళ్ల తరబడి బ్యాండ్లను కెమెరాలో తీసి యూట్యూబ్‌లో పెడుతుంటాడు. ఈ ఐదుగురు ఆడిన షో కూడా తీశాడు. ఆ వీడియో మేనేజర్ల కంట్లో పడింది. అంటే అప్పటికి వాళ్లు ఒక్క పాట కూడా విడుదల చెయ్యలేదు, చూడాలంటే గదికి రావాలి, లేదంటే ఆ వీడియో చూడాలి. ఇంటర్నెట్ కాలంలో ఇదొక వింత పద్ధతి. నాకైతే చాలా తెలివైన పద్ధతి అనిపించింది.

2022 వేసవిలో హైడ్ పార్క్‌లో రోలింగ్ స్టోన్స్ ఆడిన రోజు కింది వరసలో వీళ్ల పేరు కూడా ఉంది. తొలి పాట "నథింగ్ మ్యాటర్స్" వచ్చింది మాత్రం 2023 ఏప్రిల్‌లో. మామూలు శ్రోతకి ఇది ఎలా కనపడింది? తెరిచీ తెరవగానే ఖరీదైన వీడియో, పట్టు గౌన్లు, పెద్ద కంపెనీ, స్టోన్స్‌తో స్టేజీ. వెనకున్న ఏడాదిన్నర పబ్బుల కాలం లండన్‌లో ఉన్న కొద్దిమందికే తెలుసు. ఆ తెలియని చోటే "ప్లాంట్" అనే మాట మొలిచింది. మన దగ్గర కొత్త హీరో రాగానే "వెనకాల ఎవరున్నారు?" అని అడుగుతాం కదా, అదే ప్రశ్న. గాయని అబిగైల్ చదివిన ఖరీదైన ప్రైవేటు స్కూల్ పేరు కూడా బయటికి లాగారు.

ఇంకోటి, ఇది నా సొంత అభిప్రాయం. ఈ అనుమానం అమ్మాయిల బ్యాండ్ల మీదే ఎక్కువ పడుతుంది. రెండేళ్ల ముందు వెట్ లెగ్ విషయంలోనూ ఇదే జరిగింది. ఐల్ ఆఫ్ వైట్ అనే దీవి నుంచి వచ్చిన ఆ బ్యాండ్ 2021లో ఒక్క పాటతో పేలింది, 2022 ఏప్రిల్‌లో ఆల్బమ్ నంబర్ వన్, 2023లో రెండు గ్రామీలు. వాళ్లనీ ప్లాంటే అన్నారు. మీసాలు కూడా రాని నలుగురు కుర్రాళ్లు పెద్ద మేనేజర్‌తో వస్తే ఆ మాట అంత సులువుగా ఎవరి నోటా రాదు.

అలాగని సాయం ఏమీ లేదంటే అదీ అబద్ధమే. ఇక్కడ మా హాలు సంగతి చెప్తాను.

2023 మే నెలలో అనుకుంటా, గంటన్నర దూరం ఊరి నుంచి నలుగురు కుర్రాళ్ల బ్యాండ్ వచ్చింది. సాయంత్రం నాలుగుకి వ్యాన్ దిగారు, సౌండ్‌చెక్ అయ్యింది, సపోర్ట్‌గా, అంటే అసలు బ్యాండ్‌కి ముందు, అరగంట ఆడారు. నిజంగా బాగా ఆడారు. బార్ వెనక నేను పని ఆపేసి విన్న కొద్ది బ్యాండ్లలో అదొకటి. అర్ధరాత్రి సామాను ఎక్కించాక డ్రమ్మర్ బార్ కౌంటర్ మీద చిల్లర పోసి లెక్క వేశాడు. హాలు ఇచ్చింది 100 పౌండ్లు. ఏడు టీషర్టులు అమ్మారు, ఒక్కోటి 20. మొత్తం 240. వ్యాన్ అద్దె, డీజిల్ కలిపి 130. టీషర్టుల ప్రింటింగ్ ఖర్చు 56. మిగిలింది 54, మనిషికి పదమూడున్నర. అప్పట్లో నా జీతం గంటకు 10.42, కనీస వేతనం అంతే. ఆ రాత్రి ఆరు గంటలు గ్లాసులు ఏరిన నాకు ఆ నలుగురికీ కలిపి వచ్చినదానికన్నా ఎక్కువే వచ్చింది. డ్రమ్మర్‌కి పొద్దున ఆరింటికి వేర్‌హౌస్ షిఫ్ట్. నా రూమ్మేట్స్ వెళ్లే చోటు లాంటిదే.

హాలు వాళ్లు దోచుకున్నారా అంటే, లేదు. అసలు దోచుకోవడానికి అక్కడ ఏముందని? చిన్న హాళ్ల తరఫున మ్యూజిక్ వెన్యూ ట్రస్ట్ అనే సంస్థ ఉంది. వాళ్ల లెక్క ప్రకారం 2023లో దేశం మొత్తం మీద ఇలాంటివి 125 మూతపడ్డాయి, లేదా షోలు పెట్టడం మానేశాయి. మిగిలినవాటి సగటు లాభం అర శాతం. షో మీద వచ్చేదంతా షోకే పోతుంది. కరెంటు బిల్లు కట్టేది బీరు. మా మేనేజర్ బ్యాండ్ మంచిదా చెడ్డదా అని అడిగేవాడు కాదు, "ఈరోజు జనం తాగే రకమా?" అని అడిగేవాడు. జాజ్ వాళ్లు వస్తే మొహం వేలాడేసేవాడు.

ఇప్పుడు ఆ నలుగురినీ ఈ ఐదుగురినీ పక్కపక్కన పెట్టండి. పాట ఒక్కటే తేడా కాదు. అనుభవమున్న మేనేజర్, అడ్వాన్స్ ఇచ్చే కంపెనీ దొరికితే ఆరింటి షిఫ్ట్ ఉండదు. ఆ మిగిలిన టైంలో వాయించవచ్చు. పెద్ద బ్యాండ్ల ముందు నిలబడి, పదివేల మందికి ఎలా ఆడాలో నేర్చుకోవచ్చు. ఆల్బమ్‌కి జేమ్స్ ఫోర్డ్ లాంటి ప్రొడ్యూసర్‌తో కూర్చోవచ్చు. ఆయన ఆర్కిటిక్ మంకీస్ అనే పెద్ద బ్యాండ్‌తో పనిచేసిన మనిషి. కంపెనీ విత్తనం నాటలేదు, మొలిచిన మొక్కని చూసి నీళ్లూ ఎరువూ పోసింది. నీళ్లు అందని మొక్కలు బార్ వెనక నుంచి నాకు వారానికి నాలుగు కనపడేవి.

నీళ్లు పోసినా కాయాలని లేదు, అది కూడా చూశాను. ఒక రాత్రి లండన్ నుంచి మంచి లేబుల్ ఉన్న బ్యాండ్ వచ్చింది, టూర్ మేనేజర్, లైట్ల మనిషి, అన్నీ ఉన్నాయి. అమ్ముడైన టికెట్లు 31. అందులో ఆరుగురు మధ్యలోనే వెళ్లిపోయారు. ది లాస్ట్ డిన్నర్ పార్టీ జనాన్ని పట్టుకున్న విధానం వేరు. షోకి ముందు ఒక డ్రెస్ థీమ్ ప్రకటించేవారు. జానపద కథల వేషాలనో, ఇంకోటనో. లేసులు, రిబ్బన్లు, మెడలో శిలువలు వేసుకుని జనం క్యూ కట్టేవారు. టికెట్ కొన్నవాడు ఇంటి దగ్గర అద్దం ముందే షోలో పాల్గొనడం మొదలుపెడతాడన్నమాట. జాతరకి వేషం కట్టుకుని వచ్చేవాడు ప్రేక్షకుడు కాదు కదా. దీన్ని ఏ కంపెనీ డబ్బూ కొనలేదు.

తర్వాతి మెట్లు త్వరగా చెప్పేస్తాను. 2023 డిసెంబర్‌లో బ్రిట్ అవార్డ్స్ రైజింగ్ స్టార్‌గా ఎంపికయ్యారు, 2024 జనవరిలో బీబీసీ "సౌండ్ ఆఫ్ 2024". రెండూ పైకొస్తున్న కొత్తవాళ్లకి ఇచ్చే గుర్తింపులే. ఈ రెండూ 2008లో అడెల్‌కి వచ్చినవే. ఫిబ్రవరి 2న ఆల్బమ్ "ప్రెల్యూడ్ టు ఎక్‌స్టసీ", వారం తిరిగేసరికి నంబర్ వన్.

ఆ నంబర్ వన్ అనే మాట దగ్గర కొంచెం ఆగాలి. బ్రిటన్ చార్ట్ వారం శుక్రవారం మొదలై గురువారంతో ముగుస్తుంది. నెలల తరబడి తీసుకున్న ప్రీఆర్డర్లన్నీ మొదటి వారం ఖాతాలోనే పడతాయి. డబ్బు కట్టే శ్రోతలు వెయ్యి సార్లు వింటే ఒక ఆల్బమ్ అమ్మినట్టు. అదే రంగు వినైల్ (గ్రామఫోన్ రికార్డు లాంటిది) అయితే ఒక్కటి అమ్మితే ఒకటే. అందుకే కొత్త బ్యాండ్లు నాలుగు రంగుల్లో రికార్డులు వేసి, ఆల్బమ్ కొన్నవాళ్లకి రికార్డు షాపుల్లో చిన్న షోలు పెడతాయి. అభిమానులు పదివేలకు పైగా గట్టిగా ఉంటే చాలు, మొదటి వారం నంబర్ వన్ మీ సొంతం. వీళ్లకి ఆ వారం వచ్చిన అమ్మకాలు 33 వేలకు దగ్గర. ఒక బ్యాండ్ తొలి ఆల్బమ్‌కి తొమ్మిదేళ్లలో అదే పెద్ద ఆరంభం అన్నారు. 2006లో, లీడ్స్ పక్కనే ఉన్న షెఫీల్డ్ కుర్రాళ్లు ఆర్కిటిక్ మంకీస్ తొలి ఆల్బమ్ మొదటి వారంలో అమ్మింది మూడు లక్షల అరవై వేలు పైన. మా సౌండ్ ఇంజినీర్ ఈ రెండు అంకెలూ చెప్పి, "కుర్చీ అదే, సింహాసనం గదే చిన్నదైంది" అన్నట్టు ఏదో అన్నాడు. ఆయన యాస నాకు సగమే అర్థమయ్యేది.

ఇంకో సంగతి. మీరు రాత్రికి రాత్రే అంటున్న ఆ "నథింగ్ మ్యాటర్స్" సింగిల్స్ (విడి పాటల) చార్టులో టాప్ 20లోకి ఎక్కింది ఆల్బమ్ వచ్చాకే, పాట పుట్టిన పది నెలలకి. 2024 చివరికి వాళ్లు అలసిపోయి మిగిలిన షోలు రద్దు చేసుకున్నారు కూడా. 2025 బ్రిట్స్‌లో బెస్ట్ న్యూ ఆర్టిస్ట్ తీసుకుంటూ స్టేజీ మీద మాట్లాడింది దేని గురించో తెలుసా? చిన్న ఇండిపెండెంట్ హాళ్ల గురించి, అవి లేకపోతే తాము లేమని. ఫోన్‌లో ఆ క్లిప్ చూసేసరికి నేను హైదరాబాద్ వచ్చేసి అప్పటికి కొన్ని నెలలైంది. పాత హాలు వాట్సాప్ గ్రూప్‌లో అందరూ అదే క్లిప్ పెట్టుకున్నారు.

ఆ పదమూడున్నర పౌండ్ల కుర్రాళ్ల బ్యాండ్ ఏమైందని మీరు అడగకపోయినా చెప్తాను. ఆ తర్వాతి ఏడాదికి విడిపోయారు. ఆ రాత్రి అమ్మిన ఏడు టీషర్టుల్లో ఒకటి నేనే కొన్నాను, రెండు గంటల జీతం పెట్టి. ఎల్ సైజే మిగిలింది. ఇప్పుడు మా తమ్ముడు క్రికెట్‌కి వేసుకెళ్తున్నాడు. దాని మీద ఉన్న పేరు ఏ టీమ్‌దని వాడి ఫ్రెండ్స్ అడుగుతారట.