లేఓవర్‌లో మా పాప గదిలోనే పడుకోవాలా, బయటికి పోవచ్చా?

అక్కా, ప్రొద్దుటూరు నుంచి మీరడిగింది చదివాను. మీ పాప క్యాబిన్ క్రూలో కొత్తగా చేరింది, బయటి దేశంలో దిగితే తిరుగు విమానం దాకా ఆగే సమయమంతా, అంటే లేఓవర్ అంతా, హోటల్ గదిలోనే పడుకుంటోంది, అయినా అలసట తీరలేదంటోంది. ఒక్కతే బయటికి పోతే ఏమవుతుందోనని మీకు భయం. మాది అనంతపురం, నాదీ అదే ఉద్యోగం. నా మాట వింటే పాపను పగటిపూట బయటికి పోనివ్వండి.

మా పనిలో అలసట రెండు రకాలు. విమానంలో గాలి బాగా పొడిగా ఉంటుంది, తేమ 20 శాతం కూడా ఉండదు. గాలి ఒత్తిడేమో ఆరు నుంచి ఎనిమిది వేల అడుగుల కొండ మీద ఉన్నంత. అందులో రాత్రంతా నడిస్తే కాళ్లు వాస్తాయి, గొంతు ఎండుకుపోతుంది. అది నీళ్లకూ నిద్రకూ తగ్గేదే. కానీ వందల మందిని నవ్వుముఖంతో "ఇంకేమైనా కావాలా" అని అడిగీ అడిగీ వచ్చే అలసట నిద్రకు పోదు. మనల్ని ఎవరూ ఏమీ అడగని చోట కొన్ని గంటలుంటేనే అది దిగుతుంది.

నాకు ఆ చోటు జపాన్‌లోని నరిటాలో దొరికింది. టోక్యోకున్న రెండు పెద్ద విమానాశ్రయాల్లో ఒకటి అక్కడుంది. దిగినవాళ్లంతా టోక్యోకే పరిగెత్తుతారు గానీ, రైల్లో పది నిమిషాలు పోతే పాత నరిటా ఊరు. స్టేషన్ నుంచి గుడిదాకా ఒకటే వీధి, వంపులు తిరుగుతూ పల్లానికి దిగుతుంది. రెండు పక్కలా చెక్క ఇళ్లు, ఊరగాయల కొట్లు, ఈల్ చేపలు కాల్చే హోటళ్ల పొగ. ఒక కొట్టు ముందర నా కాళ్లు ఆగిపోయాయి. చెనిక్కాయలు! చిబా అనే ఆ ప్రాంతం జపాన్‌లో చెనిక్కాయల పంటకు పెట్టింది పేరు. మన మాదిరే పచ్చివి ఉడకబెట్టుకుని కూడా తింటారు. వేయించినవి ఒక పొట్లం కొన్నాను. కొట్టులోని పెద్దావిడ చిన్న కప్పులో టీ పోసి రెండు చేతులతో అందించింది. రాత్రంతా కప్పులు అందించిన చేతులతో ఆ టీ అందుకుంటుంటే నాకు కళ్లలో నీళ్లు తిరిగాయి.

గుడి పేరు నరిటాసాన్ షిన్షోజి, 940లో వెలిసిన బౌద్ధాలయం. అక్కడ రోజూ హోమం జరుగుతుంది. మన హోమమే బౌద్ధంతో పాటు అంత దూరం పోయింది. చెప్పులు విప్పి లోపల కూర్చున్నాను. పెద్ద డోలు మోగుతుంటే గుండెల్లో అదిరింది. పూజారి పుల్లలు వేసేకొద్దీ మంట లేచింది. చివర్లో భక్తులు తమ సంచులిస్తే మంట సెగ చూపించి తిరిగిస్తారు. నేనూ చేతిసంచి ఇచ్చాను, వెచ్చగా, పొగ వాసనతో తిరిగొచ్చింది. గుడి వెనక పెద్ద తోట, చెరువులు, చిన్న జలపాతం ఉన్నాయి. టికెట్ లేదు. ఎండ తగిలేచోట కూర్చుని చెనిక్కాయలు ఒలుచుకుంటూ ఎంతసేపున్నానో.

ఎండ ఊరికే చెప్పడం లేదక్కా. జపాన్ మనకన్నా మూడున్నర గంటలు ముందుంటుంది. ఒంట్లోని గడియారాన్ని ముఖ్యంగా దిద్దేది పగటి వెలుతురే. కర్టెన్లు మూసి సాయంత్రం దాకా పడుకుంటే రాత్రికి నిద్ర పట్టదు, మరుసటి విమానంలో తల దిమ్ముగా ఉంటుంది. పొద్దున దిగితే రెండు మూడు గంటలు కునుకు తీసి బయటపడాలి, చీకటికి గదికి చేరాలి.

ఇక భయం సంగతి. అన్ని ఊళ్లూ నరిటా అంత నెమ్మదైనవి కావు, కొత్త ఊరైతే సీనియర్లను అడిగి పోవాలి. ఎక్కడికి పోతున్నదీ తోటి సిబ్బందిలో ఒకరికి చెప్పాలి. పాస్‌పోర్టో, సిబ్బందికిచ్చే అనుమతి పత్రమో దగ్గరుండాలి, జపాన్‌లో అది చట్టం. అక్కడి భాషలో హోటల్ పేరున్న కార్డు పెట్టుకోవాలి. శాకాహారమైతే అక్కడి సూపుల్లో చేపల రసం ఉంటుంది, అడిగి తినాలి. ఒంట్లో బాగలేని రోజు మాత్రం గదిలోనే ఉండమనండి.

ఈసారి ఫోన్ చేసినప్పుడు "తిన్నావా, పడుకున్నావా" అన్న తర్వాత "ఎక్కడికి పోయొచ్చినావు" అని కూడా అడగండి. మా అమ్మ ఆ మాట అడగడం మొదలుపెట్టాకే నేను ధైర్యంగా బయటికి పోవడం మొదలుపెట్టాను.