రిటైరయ్యాం సరే, గ్రూపులో ఏం చెప్పుకోవాలి?

పోయిన నెల "మీ బడి స్నేహితుల కబుర్లు రాయండి" అని ఒక్క లైను వేశానో లేదో, ఉత్తరాలు, మెయిళ్ళు, ఆఖరికి వాయిస్ మెసేజ్‌లు కూడా వచ్చి పడ్డాయి. వాయిస్ మెసేజ్‌లు మాత్రం వద్దు బాబూ, ఒకాయన పదకొండు నిమిషాలు పంపారు, అందులో నాలుగు నిమిషాలు వాళ్ళ కుక్క అరుపే. అయినా ఇంతమందికి ఒక్కసారే స్కూలు ఎందుకు గుర్తొచ్చిందా అని లెక్కేస్తే సరిపోయింది, 1978లో టెన్త్ రాసినవాళ్ళు ప్రభుత్వ ఉద్యోగాల్లో ఆంధ్రాలో 62 ఏళ్ళకి, తెలంగాణలో 61కి ఈమధ్యే కుర్చీ దిగారు కదా. లెక్కల టీచర్ని, ఈ లెక్కలు చూడకుండా ఉండలేను.

ప్రశ్న: మేడం నమస్తే. నేను ఆర్టీసీల కండక్టర్‌గా చేసి 2021ల రిటైరైన. మా టెన్త్ గ్రూపుల అందరు పెద్ద నౌకర్లు చేసినోళ్ళే, ఒకాయన దుబాయ్ ఫోటోలు, ఒకామె ఆస్ట్రేలియాల మనమడి ఫోటోలు పెడ్తరు. ఇప్పుడు మన బడికి అన్నం తినే షెడ్డు కట్టిద్దాం, మనిషికి పదివేలు అంటున్నరు, ఇచ్చినోళ్ళ పేర్లు రోజూ గ్రూపుల పెడ్తున్నరు. నాకొచ్చే పెన్షన్ నాలుగు వేల చిల్లర. ఇయ్యకుంటే ఇజ్జత్ పోతది, ఇస్తే ఇంట్ల లొల్లి. గ్రూపుల నుంచి ఎల్లిపోదామనుకుంటున్న. మీరేమంటరు? (హనుమకొండ నుంచి ఒక పాఠకుడు)

జవాబు: వెళ్ళిపోవద్దు తమ్ముడూ. ముందు ఆ నాలుగు వేల సంగతి మీ గ్రూపులో పెద్ద నౌకర్లవాళ్ళకి తెలుసో లేదో, ఇక్కడ రాస్తాను, ఎవరైనా చదువుతారేమో. ఆర్టీసీవాళ్ళకి వచ్చేది గవర్నమెంటు పెన్షన్ కాదు, పీఎఫ్ ఆఫీసు ఇచ్చే ఈపీఎస్ 95 అనే పెన్షన్ పథకం. అందులో జీతం నలభై వేలున్నా మామూలుగా 15,000 వరకే లెక్కలోకి తీసుకుంటారు, అదీ 2014 సెప్టెంబర్ నుంచి, అంతకుముందు 6,500. దాన్ని సర్వీసు ఏళ్ళతో హెచ్చవేసి 70తో భాగిస్తారు, ఇక ముప్పై ఏళ్ళు టికెట్లు కొట్టినా ఎంతొస్తుంది చెప్పండి. అదే బెంచీ మీద కూర్చున్న ఇంకో ఆయన తహసీల్దారుగా దిగి డీఏతో సహా తీసుకుంటున్నాడు. ఇద్దరికీ ఒకే పదివేలు అంటే అది సమానం ఎలా అవుతుంది, నాకైతే ఒప్పుకోబుద్ధి కాలేదు.

గ్రూపు అడ్మిన్లకి నేను చెప్పేదొకటే, పేర్ల లిస్టు ఈ రోజే తీసేయండి. మా బ్యాచ్‌లో కూడా ఇలాగే మొదలైంది, ఆరుగురు కనపడకుండా పోయాక బుద్ధొచ్చింది. ఇప్పుడు మా దగ్గర డబ్బు చూసేది ఒక్కరే, ఎవరెంత వేశారో ఆయనకి తప్ప ఇంకెవరికీ తెలీదు, చివర్లో మొత్తం ఎంతో, ఖర్చు ఎంతో బిల్లులతో పెడతారు, అంతే. మీరు ఐదొందలు పంపండి, ఏమీ పంపకపోయినా పర్లేదు, షెడ్డు కట్టేప్పుడు సిమెంటు బస్తాలు లెక్కపెట్టడానికి, మేస్త్రీ వెనకాల నిలబడటానికి ఆ దుబాయ్ ఆయన రాలేడు కదా. ఇంకో మాట, కండక్టర్‌గా మీరు చూసినన్ని మనుషుల్ని మీ గ్రూపులో ఎవరూ చూసి ఉండరు. మేడారం జాతర డ్యూటీ ఒక్కటి రాసి పెట్టండి, ఏ ఫోటోకీ రానన్ని రిప్లైలు వస్తాయి, కావాలంటే పందెం.

ప్రశ్న: అక్కా, మేం సికింద్రాబాద్‌లో గర్ల్స్ హైస్కూల్లో కలిసి చదువుకున్న పద్నాలుగు మందిమి, అందరికీ అరవై దాటాయి, మోకాళ్ళు సగం మందికి లేవు. మగవాళ్ళు లేకుండా కాశీ వెళ్దామని ప్లాను. ట్రైన్‌లో కింద బెర్తులు ఎలా దొరుకుతాయి, ఎప్పుడు వెళ్తే బావుంటుంది?

జవాబు: ముందు నాకు చెప్పకుండా ప్లాను వేసినందుకు కోపంగా ఉంది, పదిహేనో మనిషిగా నేనొచ్చేదాన్ని.

టికెట్టులో మనకి వచ్చే రాయితీ 2020 మార్చిలో తీసేశారు, అప్పట్నుంచీ మళ్ళీ ఇవ్వలేదు, దాని మీద ఆశ పెట్టుకోకండి. కానీ కింద బెర్తు కోటా ఉంది, ఆడవాళ్ళకి 45 దాటితే చాలు, మగవాళ్ళకి 60. ఇక్కడే అందరూ తప్పు చేస్తారు, ఒక్కో టికెట్‌లో ఆరుగురిని కలిపి కొట్టేసి తర్వాత పై బెర్తులొచ్చాయని ఏడుస్తారు. ఆ కోటా ఒక టికెట్ మీద ఒక్కరో ఇద్దరో ఉంటేనే పనిచేస్తుంది. అంచేత ఇద్దరిద్దరుగా ఏడు టికెట్లు తీయండి, చాదస్తం అనుకోకండి. రిజర్వేషన్ ఇప్పుడు 60 రోజుల ముందే తెరుస్తున్నారు, పాత 120 రోజుల లెక్కలో ఉండకండి. దానాపూర్ ఎక్స్‌ప్రెస్ ఎక్కి దీన్ దయాళ్ ఉపాధ్యాయ జంక్షన్‌లో, అంటే మన పాత మొఘల్‌సరాయిలో దిగితే అక్కణ్ణుంచి కాశీ ఆటోల దూరమే.

వానాకాలంలో వెళ్తే గంగ పైకొచ్చి ఘాట్ల మెట్లు మునిగి ఉంటాయి, పడవలు కూడా ఆపేస్తారు. కార్తీక పౌర్ణమికి దేవ దీపావళి, ఘాట్లన్నీ దీపాలతో చూడ్డానికి రెండు కళ్ళు చాలవు గానీ మోకాళ్ళు లేనివాళ్ళు ఆ జనంలో నలిగిపోతారు. ఫిబ్రవరి ఆఖరు హాయి, మహాశివరాత్రి రోజులు మాత్రం తప్పించుకోండి. తొమ్మిది రాత్రులు నిద్ర చేస్తామంటే మన తెలుగువాళ్ళ ఆశ్రమాలు, సత్రాలు ఉన్నాయి, ముందుగా ఫోన్ చేసి అడగండి, మన చారు అన్నం దొరుకుతుంది. మెట్లు దిగలేనివాళ్ళని ఘాట్ల వెంట నడిపించకండి, తెల్లారుజామున పడవ ఎక్కిస్తే అస్సీ ఘాట్ నుంచి అటు చివరిదాకా కూర్చునే చూసేయొచ్చు. ఆఖరికి కాశీలో ఏదో ఒకటి వదలాలి కదా, అందరూ కాకరకాయ వదిలేసి గొప్ప త్యాగం అనుకుంటారు, మీరు గ్రూపులో గుడ్ మార్నింగ్ పువ్వులు వదిలేయండి.

ప్రశ్న: మేడం గారూ, బ్యాంకులో రిటైరయ్యాను, మాది విజయనగరం. చిన్నప్పటి నుంచీ వీణ నేర్చుకోవాలని. మా ఫ్రెండ్స్ గ్రూపులో చెప్తే నవ్వే ఎమోజీలు పెట్టారు, మావారైతే "ఇప్పుడా" అన్నారు. వేళ్ళు తిరుగుతాయా?

జవాబు: విజయనగరంలో ఉండి ఈ మాట నన్ను అడుగుతున్నారా! 1919లో మీ ఊళ్ళో సంగీత కళాశాల పెట్టినప్పుడు మొదటి ప్రిన్సిపాల్ ఆదిభట్ల నారాయణదాసు గారు, 1864లో పుట్టినాయన, అంటే అప్పటికి యాభై ఐదో ఏడు. ఆ రోజుల్లో యాభై ఐదంటే కాశీకి పోయే వయసు. సరే ఆయన హరికథా పితామహుడు, మనం కాదు, కానీ మీవారికి చెప్పడానికి పనికొస్తుందని రాశాను.

వేళ్ళు తిరుగుతాయి, నెమ్మదిగా. మొదట నేర్పే సరళీ స్వరాలు, మాయామాళవగౌళ రాగంలో, మొదటి కాలం అంటే నెమ్మది వేగం దాటడానికే మీకు మూడు నాలుగు నెలలు పట్టొచ్చు, పిల్లలకైతే ఒక నెల. వేలి చివర కాయ కాచేదాకా నొప్పి ఉంటుంది, షుగర్ ఉంటే కొంచెం జాగ్రత్త, తెగితే ఆ వారం వాయించకండి. కింద బాసింపట్టు వేసి కూర్చోలేకపోతే ఎత్తు తక్కువ మంచం మీద కూర్చోండి, గురువు ఒప్పుకోకపోతే గురువుని మార్చండి. వీణ వెంటనే కొనకండి, ఆరు నెలలు అద్దెదో అరువుదో. ఆ తర్వాత కూడా మోజు ఉంటే బొబ్బిలి ఎంతో దూరం లేదుగా, పక్కనే గొల్లపల్లిలో పనస చెక్క ఒకే దుంగ తొలిచి చేసే ఏకాండి వీణ తెచ్చుకోండి. మొదటి గీతం వచ్చిన రోజున రికార్డు చేసి ఆ నవ్విన గ్రూపులో పెట్టండి. అపస్వరం ఉన్నా పెట్టండి, వాళ్ళకి తెలీదు.

ప్రశ్న: రైల్వేలో రిటైరయ్యాను, గుంటూరు. నవంబర్ నుంచి ఆరు నెలలు న్యూజెర్సీలో అబ్బాయి దగ్గర ఉంటాం. డిసెంబర్‌లో మా బ్యాచ్ కలుస్తోంది, వీడియోలో కలుస్తానన్నాను. ఇంకేమైనా జాగ్రత్తలు?

జవాబు: నవంబర్‌లో పెన్షన్‌కి ఇచ్చే లైఫ్ సర్టిఫికెట్ మర్చిపోకండి, జీవన్ ప్రమాణ్ ఇప్పుడు ఫోన్‌లో మొహం చూపించి చేయొచ్చు, ఎక్కే ముందే చేసేసుకుంటే గొడవ లేదు. ఇన్సూరెన్స్ తీసుకునేప్పుడు పాత బీపీ, షుగర్ గురించి ఏం రాసుందో అబ్బాయిచేత చదివించుకోండి. వీడియో అంటారా, చలికాలంలో అక్కడ మనకంటే పదిన్నర గంటలు వెనక, ఇక్కడ ఒంటిగంటకి భోజనాలప్పుడు మీకు తెల్లారగట్ల రెండున్నర. కోడలి నిద్ర పాడుచేయకండి, మీ పేరు మీద ఒక విస్తరి వేయమని చెప్పండి చాలు.

ప్రశ్న: అమ్మా, మాది నాగాయలంక వైపు. 1978 బ్యాచ్. అందరం రిటైరయ్యాం కదా అని గెట్ టుగెదర్ పెడుతున్నాం, కార్తీకమాసం వనభోజనాల్లో కలిసొస్తుందని ఎవరో నవంబర్ 19 అన్నారు. ఒకావిడ ఏమీ అనకుండా గ్రూపులోంచి వెళ్ళిపోయింది. తర్వాత తట్టింది నాకు. ఆవిడని మళ్ళీ ఎలా పిలవను?

జవాబు: ఈ ఉత్తరం రెండు రోజులు పక్కన పెట్టుకున్నాను. 1977 నవంబర్ 19, దివిసీమ ఉప్పెన వచ్చిన శనివారం, అదీ కార్తీకమే. మీరు అప్పుడు టెన్త్ క్లాసులో ఉండి ఉంటారు. నేను గుంటూరులో బీఎడ్ చదువుతున్నాను, హాస్టల్లో చీరలు, బియ్యం పోగుచేసి లారీ ఎక్కించాం, ఆ లారీ వెంట వెళ్ళొచ్చిన అబ్బాయి వారం రోజులు మాట్లాడలేదు. పోయినవాళ్ళు ప్రభుత్వం చెప్పిన లెక్కే పదివేల దాకా. దివిసీమలో ఆ తేదీ ఎవరికీ ఖాళీ తేదీ కాదు, మీలో ఎవరో బయట ఊళ్ళో స్థిరపడ్డవాళ్ళు క్యాలెండర్ చూసి అని ఉంటారు, చెడ్డ ఉద్దేశం ఉండదు.

మార్చేయండి. సంక్రాంతి కనుమ మర్నాడు పెట్టుకోండి, ఎలాగూ అందరూ ఊరికి వస్తారు. ఆవిణ్ణి గ్రూపులో మళ్ళీ కలపొద్దు, అలా చేస్తే అందరి ముందూ చెయ్యి పట్టి లాగినట్టుంటుంది. సారీ మెసేజ్ కూడా గ్రూపులో పెట్టకండి. మీరు కాదు, ఆవిడ పక్క బెంచీలో కూర్చున్న అమ్మాయి ఎవరో ఉంటుంది కదా, ఆమెని ఫోన్ చేయమనండి, డేట్ సంగతి ఆవిడ ఎత్తితేనే మాట్లాడాలి. 19న ఎవరికి వెళ్ళాలనిపిస్తే వాళ్ళు స్మారక స్తూపం దగ్గరికి వెళ్ళి రండి, ఫోటోలు వద్దు. ఆవిడ సంక్రాంతికి రాకపోవచ్చు కూడా. రాకపోతే అరిసెలు పంపండి.

ప్రశ్న: మా లెక్కల సార్‌కి 88 ఏళ్ళు, చెవులు వినపడవు. స్టేజీ మీద సన్మానం, శాలువా, మెమెంటో అనుకుంటున్నాం. సరేనా?

జవాబు: నా బీరువాలో 31 శాలువాలున్నాయి, ఎండాకాలం సన్మానాలవే ఎక్కువ. ఆయన్ని ఎండలో కారెక్కించి, వినపడని ఉపన్యాసాలు మూడు గంటలు కూర్చోబెట్టి ఏం సాధిస్తారు. ఐదుగురు ఇంటికి వెళ్ళండి, సాయంత్రం పూట, మెత్తని మైసూర్‌పాక్ తీసుకుని. ఒక తెల్ల కాగితం, పెన్ను పట్టుకెళ్ళి ఆయన చెప్పిన లెక్క ఒకటి తప్పు చేసి చూపించండి. మిగతాది ఆయనే చూసుకుంటారు.