ఏగ్‌మోర్త్‌కు బయలుదేరే ముందు

చిట్టితల్లికి, ఫ్రాన్స్‌లోని నీమ్ నుంచి పెద్దమ్మ ఆశీస్సులు.

ఈ వేసవిలో మా దక్షిణ ఫ్రాన్స్ కోట ఊరు ఏగ్‌మోర్త్‌లో యాత్రికులకు ఊరు చూపించే పనికి కుదిరావని మీ అమ్మ ఫోనులో చెప్పింది. నేను పదేళ్లు చేసిన పనే అది. ఆ రాత్రి సంతోషంతో కొంత, దిగులుతో కొంత నిద్ర పట్టలేదు.

టోపీ, నీళ్ల సీసా మరవకు. ఉత్తరపు గాలి విసిరికొట్టే రోజున కోటగోడ అంచున నిలబడి మాట్లాడకు, నీకు పుణ్యముంటుంది. ఫ్రాన్స్ రాజు తొమ్మిదవ లూయీ 1248లోనూ, 1270లోనూ క్రూసేడు యుద్ధాలకు ఆ ఊళ్లోనే ఓడలెక్కాడు. కాన్‌స్టాన్స్ బురుజు ఆయన కట్టించిందే. చుట్టూ ఉన్న గోడలు మాత్రం ఆయన పోయాక కొడుకు మొదలుపెట్టించినవి. తారుమారు చేయకు.

ఆ బురుజులో మారీ దురాన్ అనే ఆమెను బంధించిన గదిలో తొందరపడకు. ప్రొటెస్టెంటు విశ్వాసం వదలనందుకు 1730 నుంచి 1768 దాకా, 38 ఏళ్లు అక్కడే మగ్గింది. నేల మధ్యన ఉన్న రాతి గట్టు మీద ‘ఎదిరించు’ అనే మాట ఉంది. ఆమే చెక్కిందని చెబుతారు. అందరినీ వంగి చూడమను.

ఇక నా తప్పు. 1893 ఆగస్టు 17న ఏగ్‌మోర్త్ ఉప్పుమళ్లలో కూలికి వచ్చిన ఇటలీవాళ్లను ఇక్కడి కూలీలు, ఊరి జనం వెంటాడి కొట్టారు. ప్రభుత్వ లెక్కలోనే 8 మంది చనిపోయారు. ఆ డిసెంబరులో అంగులేమ్ ఊరి కోర్టులో జ్యూరీ నిందితులందరినీ వదిలేసింది. అన్నీ తెలిసీ నేను నోరు విప్పేదాన్ని కాదు. సెలవులకు వచ్చినవాళ్ల మనసు పాడుచేయడం ఎందుకని, గులాబీ రంగు నీళ్లు చూపించి, ఆ రంగు సూక్ష్మమైన పాచి వల్ల వస్తుందని చెప్పి, ఉప్పు కుప్పల ముందు ఫోటోలు తీయించి పంపేసేదాన్ని.

ఒకరోజు అందరూ వెళ్లాక ఒక ఇటలీ ముసలాయన ఆగిపోయాడు. గుప్పిట్లో ఉప్పుగల్లు ఉంది. "మా తాత తమ్ముడు ఇక్కడే పోయాడు. ఆ మాట ఎందుకు చెప్పలేదమ్మా?" అని మెల్లగా అడిగాడు. కోప్పడి ఉంటే బాగుండేది. పొట్ట చేతబట్టుకుని పరాయి దేశం వచ్చినదాన్ని నేనూ. నోట మాట రాలేదు. ఆయన ఆ గల్లును రుమాలులో మూటగట్టి జేబులో పెట్టుకుని బస్సెక్కాడు. క్షమించమని అడగడానికి నాకు ఊరూ పేరూ తెలియదు.

నీకూ ఎవరో ఒకరు, అదంతా వదిలేసి అందమైనవి చెప్పమంటారు. అప్పుడు నీకు భయం వేస్తుంది, నాకు తెలుసు తల్లీ. అందుకే రెండు రోజులు ముందే రా. చారన్నం తిని, ఇద్దరం రైలులో వెళదాం. ఉప్పుమళ్ల దగ్గర నువ్వు చెబుతుంటే నేను వింటాను.

మీ పెద్దమ్మ