కేటలాగ్‌ని వెనక పేజీల నుంచి మొదలుపెట్టండి: పాఠకుల ప్రశ్నలు, మా జవాబులు

ప్రశ్న: మేడమ్, నేను బీఎఫ్ఏ చదువుతున్నా. వి.ఎస్. గైతొండే పెయింటింగ్స్ అంటే ప్రాణం. న్యూయార్క్ గుగ్గెన్‌హైమ్ మ్యూజియంలో ఆయన ఎగ్జిబిషన్ జరిగినప్పుడు వేసిన కేటలాగ్ కొనాలని ఉంది కానీ రేటు చూస్తే భయమేస్తోంది. బొమ్మలన్నీ నెట్‌లోనే ఉన్నాయి కదా, ఎందుకు దండగ అంటున్నారు ఫ్రెండ్స్. ఏం చేయమంటారు?
– ఒక విద్యార్థి, హైదరాబాద్

జవాబు: నాన్నా, డబ్బులకి ఇబ్బంది లేకపోతే కొనుక్కో, ఇబ్బందైతే మీ కాలేజీ లైబ్రరీకి లెటర్ రాసి తెప్పించమని అడుగు, అంతేగానీ నెట్‌లో ఉన్నాయి కదా అని మాత్రం వదిలేయకు. ఆ ఎగ్జిబిషన్ 2014 అక్టోబర్ నుంచి 2015 ఫిబ్రవరి దాకా జరిగింది, బొమ్మలు ఎంచి ఆ ఎగ్జిబిషన్ రూపొందించిన క్యురేటర్ సాంధిని పొద్దార్, పెట్టినవి సుమారు 45 పెయింటింగులు, డ్రాయింగులు. అవన్నీ ఒక్కచోట ఉన్నవి కాదు, ఎక్కడెక్కడి మ్యూజియంల నుంచో, ఎవరెవరి ఇళ్లలోంచో అరువు తెచ్చినవి. ఎగ్జిబిషన్ అయిపోగానే ఎవరివి వాళ్లకి వెళ్లిపోతాయి. అన్నీ పక్కపక్కన పెట్టి చూసుకోవాలంటే మనకి మిగిలేది ఆ పుస్తకమే.

ఇంకో సంగతి, గైతొండే చాలా బొమ్మలకి పేరు పెట్టలేదు. నెట్‌లో వెతికితే అన్నీ అన్‌టైటిల్డ్, అన్‌టైటిల్డ్ అనే వస్తాయి, ఏది ఏ సంవత్సరంలో వేశాడో, ఏ సైజో, ఒకే బొమ్మ రెండు సైట్లలో రెండు రంగుల్లో కనిపిస్తే ఏది నమ్మాలో తెలీదు. అందుకే కేటలాగ్ చేతికి రాగానే ముందు వెనక పేజీలు తియ్యి. అక్కడ ప్రదర్శించిన బొమ్మల లిస్టు ఉంటుంది: సంవత్సరం, దేనిమీద దేంతో వేశాడు, కొలతలు, ఎవరి దగ్గరుంది. కొలతల్లో మామూలుగా ఎత్తు ముందు రాస్తారు, వెడల్పు తర్వాత. 178 ఇంటూ 102 సెంటీమీటర్లు అని ఉందనుకో, అది దాదాపు ఆరడుగుల ఎత్తు, మూడడుగుల పైచిలుకు వెడల్పు. నీ రూమ్ గోడ మీద చాక్‌పీస్‌తో ఆ సైజు డబ్బా గీసి ఎదురుగా నిలబడి చూడు, ఫోన్లో అరచేతిలో చూసిన బొమ్మకీ దానికీ ఎంత తేడానో అప్పుడు తెలుస్తుంది. రోలర్‌తో, ప్యాలెట్ నైఫ్‌తో పొర మీద పొర వేసుకుంటూ, తీసుకుంటూ పనిచేసిన మనిషి ఆయన, ఆ శ్రమంతా ఆ సైజులో ఉంది. 1984లో యాక్సిడెంట్ అయ్యాక కొన్నేళ్లు పెద్ద కాన్వాసులు వదిలేసి కాగితం మీద చిన్నవి వేశాడు, అది కూడా లిస్టులో సంవత్సరాలూ కొలతలూ వరసగా చూసుకుంటూ పోతే నీకే కనిపిస్తుంది, ఎవరూ చెప్పక్కర్లేదు. వ్యాసాలు ఆ తర్వాత చదువుకో, ముందే చదివితే వాళ్ల కళ్లతోనే చూస్తావ్.

ప్రశ్న: ఎగ్జిబిషన్‌కి వెళ్లలేకపోయాను, కనీసం హాల్లో ఎలా పెట్టారో చూద్దామని కేటలాగ్ తెప్పించుకుంటే ఒక్క హాలు ఫొటో కూడా లేదండీ. ఎందుకలా?
– ఒక పాఠకురాలు, విశాఖపట్నం

జవాబు: ఓపెనింగ్ రోజుకల్లా పుస్తకం మ్యూజియం షాపులో ఉండాలి కదండీ. అంటే నెలల ముందే ప్రెస్‌కి వెళ్లిపోవాలి, అప్పటికి గోడకి ఒక్క మేకు కూడా కొట్టి ఉండరు. కాబట్టి ఉన్న పెయింటింగుల విడి ఫొటోలే వేస్తారు. హాల్లోనే వస్తువులతో కట్టే ఇన్‌స్టలేషన్లకి అయితే ఇది పెద్ద లోటు, అక్కడికక్కడే కట్టే పనికి ముందే ఫొటో ఎక్కణ్నుంచి వస్తుంది? నా ఉద్దేశంలో కొత్త కళ చూపించే మ్యూజియంలు హాలు ఫొటోలతో రెండో పుస్తకం చిన్నదైనా సరే వెయ్యాలి, కొన్ని వేస్తున్నాయి కూడా. అలాగే ఎగ్జిబిషన్ ఒక ఊరి తర్వాత ఇంకో ఊరికి వెళ్తే, కేటలాగ్‌లో ఉన్నదల్లా ప్రతి ఊళ్లోనూ పెట్టారనుకోకండి. కాగితం మీద వేసినవి ఎక్కువకాలం వెలుతుర్లో ఉంచితే పాడవుతాయని మధ్యలో మారుస్తారు, కొందరు ఓనర్లు ఒక ఊరికే ఇస్తాం రెండో ఊరికి పంపం అంటారు.

ప్రశ్న: మా నాన్నగారు పాత ఆర్ట్ ఎగ్జిబిషన్ల బ్రోషర్లు, ఇన్విటేషన్ కార్డులు అట్టపెట్టె నిండా దాచారు. ఇల్లు మారుతున్నాం, పాత పేపర్ల వాడికి వేసేయమంటున్నారు అందరూ.
– ఒక పాఠకుడు, తిరుపతి

జవాబు: వద్దండీ, దయచేసి వేయకండి! నాలుగు పేజీల బ్రోషర్ అయినా అందులో తేదీ, ఊరు, హాలు పేరు, బొమ్మల పేర్లు ఉంటాయి, ధరల కాగితం కూడా ఉంటే ఇంకా విలువైనది. పెద్ద మ్యూజియం కేటలాగ్ రాసేవాళ్లు ఒక ఆర్టిస్టు ఏ సంవత్సరం ఏం చూపించాడో తేల్చుకునేది ఇలాంటి కాగితాలతోనే. మీ ఉమ్మడి చిత్తూరు జిల్లావాడే, ప్రింట్లు వేసే ఆర్టిస్టు కృష్ణారెడ్డిగారు, చిత్తూరు దగ్గర నందనూరులో 1925లో పుట్టి, శాంతినికేతన్లో చదివి, ప్యారిస్‌లో హేటర్ గారి ప్రింట్ల వర్క్‌షాప్ ఎటెలియే 17లో పనిచేసి, ఒకే ప్లేటు మీద చిక్కటి ఇంకు పల్చటి ఇంకు వేసి ఒకేసారి రంగులు ప్రింట్ చేసే పద్ధతికి ప్రాణం పోసినవాళ్లలో ముఖ్యుడు, 2018లో న్యూయార్క్‌లో పోయారు. అంతటివాళ్ల తొలి రోజుల సంగతులు తెలుసుకోవాలన్నా ఎవరో ఒకరు ఇలా కార్డు దాచి ఉండాలి. పిన్నులు తుప్పు పడతాయి, తీసేయండి. ప్రతిదీ ఫోన్‌తో రెండు వైపులా ఫొటో తీసి, తర్వాత దగ్గర్లో ఫైన్ ఆర్ట్స్ డిపార్ట్‌మెంట్ ఉన్న యూనివర్సిటీ లైబ్రరీని అడగండి.

ప్రశ్న: ఫ్రీగా చదువుకునే కేటలాగులు ఎక్కడుంటాయి?
– ఒక పాఠకురాలు, గుంటూరు

జవాబు: న్యూయార్క్ మెట్ మ్యూజియం పాత కేటలాగులు చాలావరకు తన సైట్‌లోనే పెట్టింది, గుగ్గెన్‌హైమ్‌వి కొన్ని ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో ఉన్నాయి. న్యూయార్క్‌లోనే ఉన్న ఆధునిక కళల మ్యూజియం మోమా అయితే 1929లో పెట్టిన మొదటి ఎగ్జిబిషన్ నుంచి పేజీలు పెట్టింది, చాలావాటికి హాలు ఫొటోలూ ఉన్నాయి (విశాఖ పాఠకురాలు కూడా చూడొచ్చు). మనవాళ్ల సంగతులకి హాంకాంగ్‌లోని ఏషియా ఆర్ట్ ఆర్కైవ్ చూడండి. కె.జి. సుబ్రమణ్యన్, జ్యోతి భట్ లాంటి బరోడా ఆర్టిస్టుల కాగితాలూ ఫొటోలూ స్కాన్ చేసి పెట్టారు, మన చిత్రకారుడు లక్ష్మాగౌడ్ గారు 1960ల్లో చదువుకున్నది అదే బరోడాలో కాబట్టి ఆ కాలం ఎలా ఉండేదో తెలుసుకోవాలంటే అక్కణ్నుంచే మొదలుపెట్టండి.