పాత ముస్టాంగ్‌ను మాన్యువల్‌కు మార్చడానికి లోన్ తీసుకోవచ్చా?

ప్రశ్న: నా వయసు 46. నా దగ్గర 1967 ఫోర్డ్ ముస్టాంగ్ ఉంది. 289 వీ8 ఇంజిన్, సీ4 ఆటోమేటిక్ గేర్‌బాక్స్. ఈ మధ్య గేర్లు ఆలస్యంగా, కుదుపుతో పడుతున్నాయి. గేర్‌బాక్స్ మొత్తం విప్పి రీబిల్డ్ చేయాలని మెకానిక్ అంటున్నాడు. ఎలాగూ ఖర్చు తప్పదు కాబట్టి మాన్యువల్‌కే మార్చేస్తే నడపడానికీ సరదాగా ఉంటుంది, కారు విలువా పెరుగుతుంది, ఒక రకంగా పెట్టుబడే కదా అనుకుంటున్నాను. ఇంటి లోన్ నడుస్తోంది. అమ్మాయి రెండేళ్లలో కాలేజీలో చేరుతుంది. 6 నెలల ఖర్చులకు సరిపడా ఎమర్జెన్సీ ఫండ్ ఉంది. అందులోంచి తీయాలా, పర్సనల్ లోన్ తీసుకోవాలా?

జవాబు: రెండూ వద్దు. కారు మార్చుకోవద్దని అనడం లేదు. క్లచ్ తొక్కి, గేరు మీ చేత్తో వేసి ఆ వీ8ను నడపాలన్న కోరిక ఎంతో సహజమైనది, దానికి డబ్బు ఖర్చు పెట్టడం తప్పేమీ కాదు. కానీ ‘పెట్టుబడి’ అనే మాట మాత్రం ఈ లెక్కలోంచి తీసేయండి. పెట్టుబడి అనుకున్నంత కాలం లోన్ తీసుకోవడం కూడా న్యాయంగానే కనిపిస్తుంది. సరదా కోసం పెట్టే ఖర్చు అని ఒప్పుకుంటే ఎంత పెట్టాలో, ఎక్కడి నుంచి తేవాలో వాటంతట అవే తేలిపోతాయి.

అసలు రీబిల్డ్ అవసరమా అన్నది ముందు తేల్చుకోండి. సీ4 గేర్‌బాక్స్ వెనక భాగంలో వాక్యూమ్ మాడ్యులేటర్ అని ఒక చిన్న భాగం ఉంటుంది. ఇంజిన్ మీద ఎంత లోడ్ పడుతోందో గేర్‌బాక్స్‌కు తెలిపేది అదే. దాని లోపలి డయాఫ్రమ్ చిరిగితే సరిగ్గా మీరు చెప్పినట్టే గేర్లు ఆలస్యంగా, కుదుపుతో పడతాయి. పైగా గేర్‌బాక్స్ ఆయిల్ ఆ వాక్యూమ్ గొట్టం గుండా ఇంజిన్‌లోకి వెళ్లి కాలిపోతుంది. కింద ఎక్కడా లీకు లేకుండానే ఆయిల్ తగ్గుతోందా, సైలెన్సర్ నుంచి తెల్లపొగ వస్తోందా చూడండి. గొట్టం ఊడదీస్తే మాడ్యులేటర్ వైపు ఆయిల్ తడి కనిపించిందంటే దోషం దొరికినట్టే. దాన్ని మార్చడానికి గేర్‌బాక్స్ దింపాల్సిన పనే లేదు. సీ4లో గేర్లు మారడానికి లోపలి డ్రమ్ములను బిగించి పట్టే రెండు పట్టీలను (బ్యాండ్లను) కూడా బయటి నుంచే సరిచేయవచ్చు. ఆయిల్ పాన్ విప్పి చూసినప్పుడు మాడు వాసన, లోహపు పొడి కనిపిస్తేనే రీబిల్డ్ మాట ఆలోచించాలి. పెద్ద ఖర్చుకు ‘ఎలాగూ తప్పదు’ అన్న మాటను ఆధారం చేసుకునే ముందు అది నిజంగా తప్పదో లేదో తెలుసుకోవాలి కదా.

రీబిల్డ్ తప్పదనే తేలిందనుకుందాం. అప్పుడు మీ ఆలోచనలో సగం సరైనదే. రీబిల్డ్ ఖర్చు ఎటూ పెట్టాల్సిందే కాబట్టి, మాన్యువల్‌కు మార్చడానికి అదనంగా అయ్యేదాన్నే ఆ సరదా ఖర్చుగా చూడాలి. లెక్క ఎలా వేయాలో చూపడానికి ఒక ఊహ చెబుతాను. రీబిల్డ్‌కు 100 అవుతుందనుకోండి, మార్పిడికి అన్నీ కలిపి 320. అదనం 220. మార్పిడి వల్ల కారు ధర 100 పెరిగిందనుకున్నా, మీ చేతి నుంచి తిరిగిరానిది 120. ఆ 120ని మీరు ఇంకెన్నేళ్లు కారు నడుపుతారో ఆ సంఖ్యతో భాగించండి. ఏడాదికి అంత ఇవ్వడం మీకు ఇష్టమేనా? ఈ ప్రశ్నకు జవాబు ఏ మార్కెట్టూ చెప్పదు, మీరే చెప్పుకోవాలి. మీ కొటేషన్లలోని అంకెలు ఈ వరుసలో వేసి చూడండి.

ఇక ఆ 320 ఎలా తయారవుతుందో చెప్పాలి, ఎందుకంటే చాలామంది గేర్‌బాక్స్ ధర చూసి అదే బడ్జెట్ అనుకుంటారు. ఆటోమేటిక్‌లో క్లచ్ బదులు ఆయిల్ ద్వారా ఇంజిన్ శక్తిని గేర్‌బాక్స్‌కు అందించే టార్క్ కన్వర్టర్‌కు ఉండే పల్చటి ఫ్లెక్స్‌ప్లేట్ పోయి బరువైన ఫ్లైవీల్ రావాలి. దాంతోపాటు క్లచ్ ప్లేట్, ప్రెషర్ ప్లేట్, రిలీజ్ బేరింగ్, క్రాంక్ చివర పైలట్ బేరింగ్, బెల్ హౌసింగ్ కావాలి. వెడల్పాటి బ్రేక్ పెడల్ తీసేసి రెండు పెడల్స్ ఉన్న సెట్టు బిగించాలి, దాన్నుంచి క్లచ్‌కు లింకేజీ వేయాలి. గేర్‌బాక్స్ పొడవు మారితే ప్రొపెల్లర్ షాఫ్ట్ కూడా మారుతుంది. స్పీడోమీటర్ కేబుల్, రివర్స్ లైటు స్విచ్, స్టార్టర్‌కు పార్క్ లేదా న్యూట్రల్‌లో మాత్రమే కరెంటు ఇచ్చే స్విచ్ వైరింగ్ వంటి చిన్న పనులన్నీ కూలీలో తేలతాయి.

ఇక్కడ ఒక ప్రమాదం ఉంది, ప్రత్యేకంగా మీ ఇంజిన్‌కు. 289కి 28 ఔన్సుల బ్యాలెన్స్ (ఇంజిన్ అదరకుండా ఫ్లైవీల్‌కు ఒక పక్క కావాలనే ఉంచే బరువు లెక్క) ఉన్న ఫ్లైవీల్ కావాలి. 1980ల ముస్టాంగ్ 5.0 నుంచి తీసిన టీ5 అనే 5 గేర్ల మాన్యువల్ గేర్‌బాక్స్ సెట్టు ఎవరైనా చవగ్గా ఇస్తే, అందులో వచ్చేది 50 ఔన్సుల ఫ్లైవీల్. చూడ్డానికి రెండూ ఒకేలా ఉంటాయి. బిగిస్తే ఇంజిన్ అదిరి, బేరింగులు పాడవుతాయి. చవగ్గా కొన్నది చివరికి ఇంజిన్ పనికి దారి తీస్తుంది.

కొటేషన్‌లో సాధారణంగా కనిపించని ఇంకో ఖర్చు వెనక డిఫరెన్షియల్. ఆటోమేటిక్‌తో వచ్చిన కార్లలో తరచుగా 2.80 దగ్గరి నిష్పత్తి ఉంటుంది, అంటే చక్రం ఒకసారి తిరగడానికి షాఫ్ట్ 2.80 సార్లు తిరుగుతుంది. టీ5లో 5వ గేరు 0.68 అనుకుంటే, రెండూ గుణిస్తే 1.90. ఆ గేరులో మామూలు వేగానికి ఇంజిన్ లాగలేక మూలుగుతుంది, 5వ గేరు ఉన్నా వాడరు. ఆ కాలం నాటి 4 గేర్ల టాప్‌లోడర్ వేస్తే ఓవర్‌డ్రైవ్ (1 కంటే తక్కువ నిష్పత్తి ఉన్న పై గేరు) ఉండదు కాబట్టి ఈ ఇబ్బంది లేదు, కానీ మొదటి గేరు 2.78 ఉన్న రకంలోనూ ఎత్తు మీద బండి కదలాలంటే క్లచ్ ఎక్కువగా జారించాలి. ఎటు చూసినా 3.25 లేదా 3.55 గేర్లు వేయించాల్సి రావచ్చు. ఆ ఖర్చు ముందే రాసుకోండి. మొత్తం మీద ఇంకో పావు వంతు అనుకోనివాటికి ఉంచండి. అరవై ఏళ్ల నాటి కారు విప్పితే ఏదో ఒకటి బయటపడుతుంది. ఓవర్‌డ్రైవ్ వల్ల పెట్రోలు కలిసొస్తుందని మాత్రం లెక్కలో వేసుకోకండి, ఇలాంటి కారు ఏడాదికి తిరిగే దూరానికి ఆ ఆదా పెద్దగా ఉండదు.

విలువ సంగతి. 1967లో 4,72,121 ముస్టాంగ్‌లు తయారయ్యాయి. మీది రెండు బ్యారళ్ల కార్బ్యురేటర్ ఉన్న మామూలు సీ కోడ్ (కారు నంబరులో ఇంజిన్ రకాన్ని తెలిపే అక్షరం) కారైతే మార్పిడి వల్ల చరిత్రకు పెద్ద నష్టం లేదు, శుభ్రంగా చేస్తే కొనేవాళ్లూ ఇష్టపడతారు. ఎక్కువ శక్తి ఉన్న 289తో వచ్చిన కే కోడ్ లాంటి అరుదైన కారైతే దయచేసి దాన్ని ముట్టుకోవద్దు. ఏదైనా సరే, ఫ్యాక్టరీలోనే మాన్యువల్‌గా పుట్టిన కారు ధర మీకు రాదు. తలుపు మీది ప్లేటులో గేర్‌బాక్స్ దగ్గర ‘డబ్ల్యూ’ అని ఉంటే అది సీ4 కారని తెలిసినవాళ్లకు తెలుస్తుంది. 1967 నుంచి వచ్చిన కార్లకు ఫోర్డ్ ఉత్పత్తి రికార్డుల ఆధారంగా, ఏ గేర్‌బాక్స్‌తో పుట్టిందో చెప్పే మార్టీ రిపోర్ట్ కూడా దొరుకుతుంది. అమ్మేటప్పుడు మార్పిడి సంగతి మీరే ముందు చెప్పండి, బిల్లులు చూపించండి. పాత సీ4ను, కన్వర్టర్, ఫ్లెక్స్‌ప్లేట్, షాఫ్ట్, పెడల్‌తో సహా అమ్మేయకుండా దాచండి. ఎక్కడా రేకు కోయకుండా, తిరిగి పాత స్థితికి తేగలిగేలా చేసిన మార్పిడికి ఉండే గౌరవం వేరు. నా దృష్టిలో మీ డబ్బును కాపాడే అతి ముఖ్యమైన నిర్ణయం ఇదే.

ఇంకో దారి కూడా ఒకసారి చూడండి. మీ కారును అమ్మి, మాన్యువల్‌గానే వచ్చిన కారు కొంటే పైన వేసుకోవాల్సింది ఎంత? అది మార్పిడి ఖర్చు కంటే తక్కువైతే ఆలోచించదగ్గదే. అయితే మీ కారులో తుప్పు ఎక్కడుందో మీకు తెలుసు, కొత్తగా కొనేదానిలో తెలియదు.

డబ్బు ఎక్కడిది అన్నదానికి వస్తే, ఎమర్జెన్సీ ఫండ్ ఉద్యోగం పోయినా, ఆరోగ్యం బాగాలేకపోయినా మీ ఇంటి లోన్ ఆగకుండా ఉండటానికి. అది ఖాళీ చేసిన నెలలోనే ఆపద వస్తే సగం విప్పిన కారును ఎవరూ మంచి ధరకు కొనరు. పర్సనల్ లోన్ ఏడాదికి 14 శాతం వడ్డీతో 4 ఏళ్లకు తీసుకుంటే ప్రతి 100కి మొత్తం 131 దాకా కడతారు. పైగా ఆ వాయిదాలు సరిగ్గా మీ అమ్మాయి కాలేజీ ఫీజుల మీద పడతాయి. అందుకే కారు కోసం విడిగా ఒక ఖాతా తెరిచి నెలనెలా వేయండి. కాలేజీ పొదుపు, ఇంటి వాయిదా పోయాక మిగిలినదాంట్లోంచే. ఏడాదిన్నర, రెండేళ్లు పట్టినా టెన్షన్ పడక్కర్లేదు, మాన్యువల్ కార్లు ఎక్కడికీ పోవు.

ఖాతాలో డబ్బు చేరుతుండగా భాగాలు ఒక్కొక్కటీ కొనండి, పెడల్ సెట్టుతో మొదలుపెట్టండి, ఎందుకంటే 1967, 68 కార్లకు సరిపోయేదే కావాలి. అన్నీ చేతికి వచ్చి, కూలీ డబ్బు కూడా చేరాకే కారు విప్పించండి. గ్యారేజీకి మొత్తం ముందే ఇవ్వకుండా పని నడిచేకొద్దీ చెల్లించేలా కాగితం మీద రాసుకోండి. పని మొదలుపెట్టే ముందే మీ ఇన్సూరెన్స్ కంపెనీకి మార్పిడి సంగతి రాతపూర్వకంగా చెప్పి, అగ్రీడ్ వాల్యూ పాలసీలో (నష్టం జరిగితే ఇచ్చే మొత్తాన్ని ముందే ఒప్పుకునే పాలసీ) కొత్త విలువ చేర్చమనండి. చెప్పకపోతే క్లెయిమ్ దగ్గర పేచీ వస్తుంది. రిజిస్ట్రేషన్ ఆఫీసుకు తెలపాలో లేదో కూడా అప్పుడే కనుక్కోండి.

ముందు ఈ వారమే మాడ్యులేటర్ చూపించండి. రీబిల్డ్ తప్పదంటే దానికీ, మార్పిడికీ విడివిడిగా కొటేషన్లు తీసుకుని, నెలకు ఎంత మిగులుతుందో కూడా కలిపి మళ్లీ రాయండి. అమ్మాయి ఫీజుల తేదీల పక్కన పెట్టి ఏ నెలలో పని మొదలుపెట్టవచ్చో చూద్దాం.