స్మార్ట్ అద్దంలో అక్షరాలు ఉబ్బి, మసకగా కనిపిస్తే

పాత ల్యాప్‌టాప్ తెరకు రాస్ప్‌బెర్రీ పై అనే చిన్న కంప్యూటర్ కలిపి, సమయం వంటివి చూపే స్మార్ట్ అద్దం చేశానని, కరెంటు పోయి వచ్చిన ప్రతిసారీ గడియారం అంకెలు ఉబ్బిపోతున్నాయని హన్మకొండ నుంచి ఒకరు అడిగారు. తెర పాడైందని టెన్షన్ వద్దు. రాస్ప్‌బెర్రీ లేచేటప్పుడు తెర తన కొలతను, అంటే అడ్డంగా, నిలువుగా ఎన్ని చుక్కలున్నాయో, హెచ్‌డీఎంఐ తీగ గుండా చెబుతుంది. ఆ కబురును ఈడీఐడీ అంటారు. తెరను నడిపే కంట్రోలర్ బోర్డు ఆలస్యంగా లేస్తే ఆ కబురు అందదు, రిజల్యూషన్ (చుక్కల సంఖ్య) తగ్గిపోయి అంకెలు ఉబ్బుతాయి.

ముందు తెర, పది సెకన్లాగి రాస్ప్‌బెర్రీ ఆన్ చేసి చూడండి. బాగైతే కారణం దొరికినట్టే. అయినా మసకగానే ఉంటే తెర వెనక స్టిక్కర్ మీది మోడల్ నంబరుతో అసలు కొలత వెతకండి. పాత ల్యాప్‌టాప్‌లలో చాలావాటికి 1366×768 ఉంటుంది. కంట్రోలర్ బోర్డు 1920×1080 తెరకు సెట్ చేసినదైతే తప్పు కొలతే చెబుతుంది. అప్పుడు సాఫ్ట్‌వేర్‌లో ఎంత మార్చినా లాభం లేదు, బోర్డునే సరిచేయించాలి. అద్దం బిగించకముందే ఇవన్నీ చూసుకోండి, మళ్లీ ఊడదీస్తే గాజు పగిలే ప్రమాదం ఉంది.