తాళాల గుత్తి ఎవరి దగ్గరుంది?

ప్రశ్న: అమ్మా, నమస్కారం. తణుకు దగ్గర ఒక చిన్న పరపతి సంఘానికి కార్యదర్శిని. 2024 జూలై 31న మా సభ్యుల ఖాతాలున్న బ్యాంకులో యూపీఐ ఆగిపోయింది. ఆ రోజు మా ఆఫీసు ముందు జాతరే. "ముందే తెలుసుకోలేకపోయారా?" అని మా అధ్యక్షుల వారు ఇప్పటికీ దెప్పుతుంటారు. ఇలాంటి ప్రమాదాల మీద కన్నేసి ఉంచుతామని ఒక కంపెనీవాళ్లు ఏడాదికి రెండు లక్షలు అడుగుతున్నారు. పైసా ఖర్చు లేకుండా, నెట్‌లో అందరికీ దొరికే సమాచారంతో ఆ పని మేమే చేసుకోగలమా?

జవాబు: చేసుకోగలరు సెక్రటరీ గారూ. రోజుకు ఇరవై నిమిషాలు, ఒక లాంగ్ నోట్‌బుక్ చాలు. రెండు లక్షలు బీరువాలోనే ఉంచండి. కాకపోతే జూలై 31ని ముందు రోజే పసిగట్టడం ఎవరి తరమూ కాదని అధ్యక్షుల వారికి నా మాటగా చెప్పండి.

ఆ రోజు ఏం జరిగిందో గుర్తు చేస్తాను. దెబ్బ తగిలింది మీ బ్యాంకుకు కాదు. చిన్న బ్యాంకులకు సాఫ్ట్‌వేర్ నడిపిపెట్టే సీ-ఎడ్జ్ అనే సంస్థకు. టీసీఎస్, స్టేట్ బ్యాంకు కలిసి పెట్టిన కంపెనీ అది. అక్కడ రాన్సమ్‌వేర్, అంటే ఫైళ్లకు తాళం వేసి డబ్బు గుంజే ప్రోగ్రామ్, దూరిందన్న అనుమానంతో యూపీఐని నడిపే ఎన్‌పీసీఐ ఆ సంస్థ లైన్ తెంపేసింది. దాంతో దేశంలో సుమారు 300 చిన్న బ్యాంకుల చెల్లింపులు నిలిచిపోయాయి. మర్నాడు మళ్లీ కలిపారు. తర్వాత క్లౌడ్‌సెక్ అనే సైబర్ భద్రత కంపెనీ ఆరా తీసి, దారి ఇంకా వెనక మొదలైందని రాసింది. సీ-ఎడ్జ్‌తో కలిసి పనిచేసే మరో సంస్థలో, సరిగ్గా అమర్చని జెన్‌కిన్స్ సర్వర్ ఒకటి ఉందట. జెన్‌కిన్స్ అంటే ప్రోగ్రామర్లు వాడే పనిముట్టు. దాంట్లో దొంగలు దూరే కన్నం ఉందని తయారీదారులే 2024 జనవరి 24న ప్రకటించారు. ఇలాంటి కన్నాలకు లోకమంతా వాడే వరుస నంబర్లలో దానిది సీవీఈ-2024-23897. తీవ్రత పదికి 9.8.

అంటే కన్నం సంగతి ఆరు నెలల ముందే లోకమంతటికీ తెలుసు. తణుకులో కూర్చుని మీరు ఆ జనవరి ప్రకటన చదివినా "మనకు జెన్‌కిన్స్ లేదుగా" అని పేజీ తిప్పేసేవారు. నేనైనా అంతే. మన తాళాలు బ్యాంకు దగ్గర, బ్యాంకు తాళాలు సీ-ఎడ్జ్ దగ్గర, ఆ గుత్తిలో ఒక చెవి ఇంకెవరి దగ్గరో. ఆ మూడోవాడు ఎవరో మనకు తెలియదు.

అందుకే నోట్‌బుక్ మొదటి పేజీలో వార్తలు రాయకండి. మీ దగ్గర ఏమేమి వస్తువులున్నాయి, ఏది ఎవరి చేతిలో ఉంది, అది ఆగితే మీకు ఏం ఆగుతుంది అన్నది రాయండి. బ్యాంకుకు ఉత్తరం రాసి "మీ సాఫ్ట్‌వేర్ ఎవరు నడుపుతారు, ఆగిపోతే మాకు కబురు ఎలా అందుతుంది?" అని అడగండి. సభ్యుల సొమ్ము కాబట్టి మొహమాటం వద్దు.

ఈ జాబితా రాయడం తేలికని అనుకుంటారు. నేనూ అనుకున్నాను. 31 ఏళ్లు బ్యాంకులో, అందులో సగం కంప్యూటర్ల గదిలోనే గడిపినదాన్ని. మొదటిసారి మా బ్రాంచిలో లెక్క రాసి, మొత్తం పదకొండు వస్తువులని గర్వంగా సంతకం పెట్టాను. టీ తెచ్చిన అటెండరు కాగితం చూసి "మేడమ్, బీరువా మీద డబ్బా రాయలేదేం?" అన్నాడు. స్టూలెక్కి చూస్తే సీసీ కెమెరాల రికార్డర్. దుమ్ము కింద తెల్ల స్టిక్కరు. బిగించినతను ఆ స్టిక్కరు మీదే యూజర్ నేమ్, పాస్‌వర్డ్ పెన్నుతో రాసి పోయాడు. నాలుగేళ్లుగా అదే పాస్‌వర్డ్. పైగా ఆ డబ్బా కౌంటర్ కంప్యూటర్ల లైన్ మీదే ఉంది. పన్నెండో వస్తువు అదీ.

ఇక పొద్దున్నే చూడాల్సినవి. మొదట సెర్ట్-ఇన్ వెబ్‌సైట్. సైబర్ ప్రమాదాల మీద హెచ్చరికలిచ్చే కేంద్ర ప్రభుత్వ సంస్థ, 2004 నుంచి పనిచేస్తోంది. అక్కడి నోట్స్‌కు సీఐవీఎన్ అని, సంవత్సరం, వరుస సంఖ్యతో నంబర్లుంటాయి. పైన "హై", "క్రిటికల్" అన్న మాటలు చూసి టెన్షన్ పడకండి. అవి దాదాపు ప్రతి నోటు మీదా కనిపిస్తాయి. నేరుగా ఏ సాఫ్ట్‌వేర్, ఏ వెర్షన్ అన్న చోటుకు వెళ్లండి. మీ మొదటి పేజీలో ఆ పేరు లేకపోతే వదిలేయండి. ఉంటే ఆ రోజే మెకానిక్‌కు ఫోన్.

తర్వాత అమెరికా ప్రభుత్వ సైబర్ భద్రత సంస్థ సీసా (CISA) జాబితా. దొంగలు ఇప్పటికే వాడుతున్నారని రుజువైన కన్నాలనే అందులో చేరుస్తారు. చాలా పనికొస్తుంది. అలాగని దాన్నే నమ్ముకుని కూర్చోకూడదు. ఇందాకటి జెన్‌కిన్స్ కన్నం అందులోకి ఎక్కింది 2024 ఆగస్టు 19న, మీ యూపీఐ ఆగిన 19 రోజులకు! ఊరంతా కాలాక కూసిన కోడి లాంటిది.

వారానికోసారి రిజర్వ్ బ్యాంకు జరిమానాల ప్రకటనలు కూడా చదవండి. ఎవరూ చదవరు, నాకు మాత్రం ఇష్టం. హైదరాబాద్‌లో మహేశ్ బ్యాంకు నుంచి 2022 జనవరిలో 12 కోట్లకు పైగా కొట్టేశారు. ఉద్యోగులకు పంపిన దొంగ మెయిళ్లతోనే లోపలికి వచ్చారని పోలీసులు చెప్పారు. మరుసటి ఏడాది రిజర్వ్ బ్యాంకు ఆ బ్యాంకుకు 65 లక్షల జరిమానా వేసింది. ఏ నిబంధన తప్పారో ఆ ప్రకటనలో ఉంటుంది. ఆ నిబంధన మీ బ్యాంకు పాటిస్తోందా అని అడగడానికి మీకు మాట దొరుకుతుంది.

వాట్సాప్ గురించి ఒక్క ముక్క. 2025 మేలో సరిహద్దులో ఉద్రిక్తత ఉన్నప్పుడు ఏటీఎంలు రెండు మూడు రోజులు మూసేస్తారన్న మెసేజ్ నాకే ఆరుగురు పంపారు. అందులో ఇద్దరు రిటైర్డ్ మేనేజర్లు! అది అబద్ధమని కేంద్ర ప్రభుత్వ సమాచార విభాగం పీఐబీ ఫ్యాక్ట్ చెక్ ప్రకటించింది. నోట్‌బుక్‌లో "ఎవరు చెప్పారు" అని ఒక గడి గీయండి. చెప్పినవాడు కళ్లారా చూశాడా, ఎవరో అంటే విన్నాడా అన్నది అక్కడే రాయండి. బ్యాంకు పేరుతో లింకు వస్తే చివర డాట్ బ్యాంక్ డాట్ ఇన్ ఉందో లేదో చూడండి. బ్యాంకులన్నీ 2025 అక్టోబరు 31 లోగా ఆ అడ్రసుకు మారాలని రిజర్వ్ బ్యాంకు చెప్పింది. ఆ పేర్లు ఇచ్చేది మన హైదరాబాద్‌లో రిజర్వ్ బ్యాంకు పెట్టిన ఐడీఆర్‌బీటీ అనే సంస్థే.

ప్రశ్న: మేడమ్, మాది అమలాపురం. ఇంట్లోంచే ఉద్యోగం చేస్తాను. నెట్ పోతే అది కంపెనీ తప్పా, కేబుల్ తెగిందా, ప్రభుత్వమే ఆపిందా అన్నది తెలుసుకోవడం ఎలా?

జవాబు: 2022 మే నెల గొడవల తర్వాత మీ కోనసీమలో రోజుల తరబడి నెట్ ఆపేశారు కదమ్మా, మీ భయం నాకు అర్థమైంది. ఫోన్‌లో వేరే కంపెనీ సిమ్‌తో క్లౌడ్‌ఫ్లేర్ రాడార్ (నెట్ వాడకం ఎంతుందో గీతల్లో చూపే ఉచిత వెబ్‌సైట్) తెరిచి, మీ కంపెనీ నెట్‌వర్క్ గీత చూడండి. ఒక్క కంపెనీ గీతే పడిపోతే తప్పు వాళ్లది. అన్ని కంపెనీల గీతలూ ఒకే నిమిషంలో గోడ దిగినట్టు పడిపోతే ఎవరో ఆపారని అనుమానించవచ్చు. నెట్ ఉన్నా నత్తనడక నడుస్తూ, విదేశీ సైట్లే తెరుచుకోకపోతే సముద్రంలో కేబుల్ సంగతి ఆలోచించండి. 2025 సెప్టెంబరులో ఎర్ర సముద్రంలో జెడ్డా దగ్గర కేబుళ్లు తెగినప్పుడు మన దేశానికీ ఆ ఇబ్బంది తప్పలేదు. అయితే ఆ గీతలు దేశం, రాష్ట్రం లెక్కల్లో ఉంటాయి. మీ వీధిలో పొక్లెయిన్ వైరు తెంపితే వాటికి తెలియదు. దానికి లైన్‌మనే దిక్కు. ప్రభుత్వం ఆపితే ఆ ఉత్తర్వు బయటపెట్టాలని 2020 జనవరి 10న సుప్రీంకోర్టు చెప్పింది. ఉత్తర్వు కాపీ దొరికితే దాచుకోండి. ఆఫీసులో సెలవు అడగడానికి పనికొస్తుంది.

ప్రశ్న: ఆంటీ, నేను ఇంజినీరింగ్ మూడో సంవత్సరం. నెట్‌కు తగిలించిన పరికరాలను వెతికిపెట్టే షోడాన్ సైట్‌లో మా ఊరి పేరు కొడితే నెట్‌కు తెరిచి ఉన్న కెమెరా రికార్డర్లు చాలా కనిపించాయి. పాత పాస్‌వర్డ్‌లతో తెరుచుకుంటాయేమో చూసి, ఓనర్లకు చెబుదామనుకుంటున్నా. మంచిదే కదా?

జవాబు: చూడటం వరకే బాబూ. ఒక్క పాస్‌వర్డ్ కొట్టినా అది అనుమతి లేకుండా లోపలికి వెళ్లడమే. ఐటీ చట్టం 66వ సెక్షన్ కింద మూడేళ్ల దాకా జైలు, అయిదు లక్షల దాకా జరిమానా పడొచ్చు. మంచి కోసమే చేశానంటే పోలీసులు వింటారన్న నమ్మకం నాకు లేదు. సంగతి సెర్ట్-ఇన్‌కు రాయి. ఊళ్లో షాపు ఏదో గుర్తుపడితే ఓనరు దగ్గరికి వెళ్లి "మీ డబ్బా పాస్‌వర్డ్ మార్పించండి" అని చెప్పు, అంతే. ఇంకోటి, నాకు పంపిన స్క్రీన్‌షాట్‌లో మూడు డబ్బాల అడ్రసులు స్పష్టంగా కనిపిస్తున్నాయి. నేను చెరిపేశాను. నువ్వూ చెరిపేయ్, గ్రూపులో పెట్టి ఉంటే అక్కడా తీసేయ్.